ఆయిల్ కూలర్ గ్యాస్కెట్ మార్చిన అనుభవం: హెడ్డు విప్పకముందు చూడవలసినవి

రేడియేటర్ నీళ్లలో ఇంజిన్ ఆయిల్ తేలిందంటే సిలిండర్ల మీది మూత అయిన హెడ్డుకూ, దాని కింది బ్లాకుకూ మధ్య నూనె, నీళ్లు కారకుండా వేసే పొర, అంటే హెడ్ గ్యాస్కెట్ పోయిందని, హెడ్డు విప్పాల్సిందేనని తీర్పు చెప్పేయడం లారీల వాళ్లలో ఆనవాయితీ అయిపోయింది. కొన్ని బండ్లలో అది నిజమే అవుతుంది. మా బండిలో మాత్రం లోపం బ్లాకు పక్కన, ఆయిల్ ఫిల్టర్ వెనుక ఉండి, ఇంజిన్ ఆయిల్‌ను నీళ్లతో చల్లబరిచే ఆయిల్ కూలర్ తాలూకు గ్యాస్కెట్‌లో బయటపడింది. దాన్ని గుర్తించడం, మార్చడం, ఆ తరువాత నీటి దారుల్లోకి చేరిన నూనెను వదిలించడం అన్నీ దగ్గరుండి, చాలావరకు నా చేతులతోనే చేశాను. హెడ్డు విప్పించి వేల రూపాయలు పోగొట్టుకున్న తరువాత కూడా నీళ్లలో నూనె కనిపించి తలపట్టుకున్న యజమానులు నాకు తెలుసు కనుక, ఈ పనిని మొదటి నుంచి చివరి దాకా రాసి పెట్టడం అవసరమనిపించింది.

మాది ఆరు సిలిండర్ల, 5.9 లీటర్ల టర్బో డీజిల్ ఇంజిన్ ఉన్న పది చక్రాల లారీ. సూర్యాపేట జిల్లా మేళ్లచెరువు, మఠంపల్లి వైపు ఉన్న సిమెంటు ఫ్యాక్టరీల నుంచి హైదరాబాద్‌కు బస్తాలు తోలడం దాని ప్రధానమైన పని. విజయవాడ హైవే మీద కారులో వెళ్లేవారికి అది చదునైన దారిగానే అనిపిస్తుంది గానీ, కృష్ణా నది చుట్టుపక్కల పల్లపు నేల నుంచి బయలుదేరి, దక్కన్ పీఠభూమి మీద సుమారు 500 మీటర్ల ఎత్తున ఉన్న హైదరాబాద్‌కు చేరే ఆ ప్రయాణం మొత్తం మీద ఎక్కుడే. లోడు ఉండేది ఎక్కేటప్పుడు, ఖాళీగా వెళ్లేది దిగేటప్పుడు. వేసవి మధ్యాహ్నాల్లో బయటి వేడి 40 డిగ్రీలు దాటుతుంది. హైదరాబాద్ ఎత్తులో మూత లేని పాత్రలోని నీరు 98 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. రేడియేటర్ మూతలోని స్ప్రింగు లోపలి ఒత్తిడిని నిలబెట్టడం వల్ల, నీటిలో సగం వరకు కూలెంట్ అనే ద్రవం కలపడం వల్ల ఆ హద్దు 110 డిగ్రీలు దాటి పైకి పోతుంది. ఇటువంటి పనిలో ఉన్న బండికి నీళ్లు, మూత, కూలెంట్ అనేవి చిన్న విషయాలు కావు.

మొదటి సూచన మా డ్రైవరు దగ్గర నుంచి వచ్చింది. "అన్నా, నీళ్లు తగ్గుతలెవ్వు గానీ ఆయిల్ తగ్గుతున్నది" అని అతను ఫోనులో చెప్పిన మాట నాకు వెంటనే అర్థం కాలేదు గాని, బండి ఇంటికి చేరాక రేడియేటర్ మూత తీసి చూస్తే విషయం తేటతెల్లమైంది. పై ట్యాంకు గోడలకు గోధుమ రంగు తెట్టు మీగడలాగా పట్టి ఉంది. వేలికి అంటిన దాన్ని రుద్దితే జిడ్డు తెలుస్తోంది, వాసన ఇంజిన్ ఆయిల్‌దే. పక్కనున్న ప్లాస్టిక్ ట్యాంకులో నీటి మట్టం తగ్గకపోగా గీత దాటి పైకి వచ్చింది. ఆయిల్ మట్టం చూసే కడ్డీ, అంటే డిప్‌స్టిక్ మీద మాత్రం ఆయిల్ నల్లగా, శుభ్రంగా ఉంది. తెల్లబడిన జాడ గానీ, నీటి చుక్కలు గానీ లేవు. ఆయిల్ మట్టం కింది గీతకు దగ్గరగా ఉంది. పొగ గొట్టంలో తెల్లని పొగ లేదు, ఉష్ణోగ్రత ముల్లు ఆ మధ్య ఎప్పుడూ ఎరుపు గీత వైపు పోలేదని డ్రైవరు ఖచ్చితంగా చెప్పాడు.

ఆయిల్ నీళ్లలోకి వచ్చింది, నీళ్లు ఆయిల్‌లోకి పోలేదు. ఇంజిన్ వేడెక్కి వేగంగా తిరుగుతున్నప్పుడు ఆయిల్ ఒత్తిడి మూడు, నాలుగు బార్ల వరకు ఉంటుంది. పొద్దున్నే చల్లని ఆయిల్‌తో ఇంజిన్ వేస్తే అంతకంటే ఎక్కువ కూడా ఉంటుంది. నీళ్ల వైపు ఒత్తిడిని రేడియేటర్ మూత ఒక బారు లోపే ఆపేస్తుంది. ఈ రెంటి మధ్య గోడకు ఎక్కడైనా చిల్లు పడితే, ఇంజిన్ నడుస్తున్నంతసేపు ఎక్కువ ఒత్తిడిలో ఉన్న ఆయిల్ తక్కువ ఒత్తిడిలో ఉన్న నీళ్లలోకి తోసుకుపోవడం సహజం. ఇంజిన్ ఆపాక ఆయిల్ ఒత్తిడి క్షణాల్లో సున్నా అవుతుంది, వేడి నీళ్ల ఒత్తిడి మాత్రం చల్లారేదాకా మిగిలి ఉంటుంది. ఆ సమయంలో కొంచెం నీరు వెనక్కి ఆయిల్‌లోకి దిగవచ్చు. అందుకే ఇటువంటి బండిని "నీళ్లు ఆయిల్‌లో లేవు కదా, ఇంకొన్ని రోజులు తోలుదాం" అని నడపడం ప్రమాదం. కూలెంట్‌లో ఉండే గ్లైకాల్ ఆయిల్‌లో చేరితే బేరింగుల మీద ఉండవలసిన ఆయిల్ పొర నిలవదు, ఆపైన క్రాంకు షాఫ్టు దాకా ఖర్చు పోతుంది. మేము బండిని అక్కడే ఆపాము.

ఎల్బీనగర్, హయత్‌నగర్‌ల మధ్య విజయవాడ హైవేను ఆనుకుని ఉన్న ఆటోనగర్‌లో ఒక గ్యారేజీకి బండిని తీసుకువెళ్లగానే అక్కడి మేస్త్రి మూత తీసి, తెట్టు చూసి, "హెడ్డు ఇప్పాల్సిందే అన్నా, వేరే తొవ్వ లేదు" అన్నాడు. ఆయన అనుభవాన్ని నేను తీసిపారేయలేదు. అయినా ఇరవైకి పైగా హెడ్డు బోల్టులు, ఇంజెక్టర్లు, రాకర్లు, మానిఫోల్డులు విప్పి, హెడ్డును లేత్ షాపుకు పంపి, మళ్లీ అన్నీ బిగించి టాపెట్లు సరిచేయవలసిన పనికి పూనుకునే ముందు, నూనె, నీరు ఒకదానికొకటి దగ్గరగా వచ్చే చోట్లు ఈ ఇంజిన్‌లో ఎన్ని ఉన్నాయో లెక్క చూసుకుందామని అడిగాను. ఆయన ఒప్పుకున్నాడు, అందుకు ఆయనకు ఇప్పటికీ కృతజ్ఞుణ్ణి.

అటువంటి చోట్లలో మొదటిది హెడ్ గ్యాస్కెట్. అందులో పై భాగానికి ఆయిల్ పోయే రంధ్రం, దాని చుట్టుపక్కలే నీళ్ల రంధ్రాలు ఉంటాయి. బ్లాకులో గాని, హెడ్డులో గాని పగులు వస్తే అది కూడా దారే. ఎయిర్ బ్రేకుల కోసం గాలి నింపే కంప్రెసరును కూడా లారీ ఇంజిన్లలో చాలామంది మరిచిపోతారు. దానికి ఆయిల్ ఇంజిన్ నుంచే వస్తుంది, దాని తలను చల్లబరిచే నీళ్లు కూడా ఇంజిన్ నుంచే వస్తాయి. దాని గ్యాస్కెట్ పోతే రేడియేటర్‌లో గాలి బుడగలు లేస్తాయి, చూసిన ప్రతివాడూ హెడ్ గ్యాస్కెట్ అనే అంటాడు. అన్నిటికంటే చివరగా అందరికీ గుర్తొచ్చేది ఆయిల్ కూలర్. ఈ ఇంజిన్‌లో పంపు తోసిన నీళ్లు బ్లాకులోకి రాగానే ముందు ఆయిల్ కూలర్ ఉన్న గదిలోకి వెళతాయి. పలుచని రేకుల లోపల నుంచి ఆయిల్, రేకుల బయటి నుంచి నీళ్లు ప్రవహిస్తాయి. అక్కడ ఆయిల్ వేడిని తీసుకున్న తరువాతే ఆ నీళ్లు సిలిండర్ల చుట్టూ పైకి లేస్తాయి. అంటే అత్యధిక ఒత్తిడిలో ఉన్న ఆయిల్‌కూ, నీళ్లకూ మధ్య ఆ చోట ఉన్నది ఒక పలుచని రేకు, దాని అంచుల్లో ఒక గ్యాస్కెట్, అంతే.

పరీక్షలు చల్లని ఇంజిన్ మీద మొదలుపెట్టాము. రేడియేటర్ మూత తీసి, నీళ్లు గొంతు దాకా నింపి, ఇంజిన్ వేసి చూశాము. హెడ్ గ్యాస్కెట్ దగ్గర సిలిండర్ గాలి నీళ్లలోకి తోస్తున్నట్లయితే ఇంజిన్ వేడెక్కకముందే బుడగలు ఆగకుండా వస్తాయి, పై హోస్ పైపు వేడెక్కకముందే గట్టిపడిపోతుంది. మా బండిలో ఈ రెండూ కనిపించలేదు. ఎయిర్ ట్యాంకులు ఖాళీ చేసి, కంప్రెసరు గాలి నింపుతున్నప్పుడు ఒకసారి, ట్యాంకులు నిండి అది ఖాళీగా తిరుగుతున్నప్పుడు మరొకసారి జాగ్రత్తగా గమనించాము. నింపేటప్పుడు బుడగలు వచ్చి నిండాక ఆగిపోతే కంప్రెసరు మీద అనుమానం పడాలి. ఇక్కడ తేడా ఏమీ లేదు. ఆ తరువాత ఇంజిన్ ఆపి, మూత స్థానంలో చేతి పంపు ఉన్న ప్రెషర్ టెస్టర్ బిగించి, మూత మీద రాసి ఉన్న ఒత్తిడి వరకే గాలి కొట్టి వదిలాము. అంతకు మించి కొట్టకూడదు, రేడియేటర్ అతుకులు ఊడతాయి. ముల్లు చాలా నెమ్మదిగా దిగింది, కాని బయట ఎక్కడా చుక్క పడలేదు. మర్నాడు పొద్దున ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి, అంటే సంపు కింద బోల్టును పూర్తిగా తీయకుండా కొద్దిగా వదులు చేస్తే ముందుగా రెండు, మూడు నీటి చుక్కలు జారి, ఆ వెనుక ఆయిల్ వచ్చింది. నీరు బరువు కనుక అడుగున చేరుతుంది. నూనె, నీళ్ల మధ్య తెరిచి ఉన్న దారి ఒకటి ఉందని దానితో రుజువైంది, సిలిండర్ వైపు దానికి సంబంధం లేదని ముందటి పరీక్షలు చెప్పాయి.

ఈ పరీక్షలతో హెడ్ గ్యాస్కెట్‌లో ఆయిల్ రంధ్రం దగ్గరి లోపాన్ని పూర్తిగా కొట్టిపారేయలేము. అయినా ఆయిల్ కూలర్ మూత విప్పడం కొద్ది గంటల పని, గ్యాస్కెట్ ధర కొన్ని వందల రూపాయలు. హెడ్డు విప్పడం దానికి ఎన్నో రెట్లు. తక్కువ ఖర్చుతో కంటితో చూడగలిగినదాన్ని ముందు చూడాలి అన్నది నా పట్టు. మేస్త్రి కూడా చుక్కలు చూశాక మెత్తబడి, "సరే, కూలరే ఇప్పి చూద్దాం" అన్నాడు.

ఇంజిన్ పూర్తిగా చల్లారాక పని మొదలైంది. వేడి మీద మూత తీస్తే మరిగే నీళ్లు ముఖం మీదికి చిమ్ముతాయి. ఈ ఒక్క విషయంలో తొందరపడి చేతులు కాల్చుకున్న క్లీనర్లను ఆటోనగర్‌లో అడుగడుగునా చూడవచ్చు. బ్యాటరీ నెగటివ్ వైరు తీశాము. రేడియేటర్ కింది కుళాయి, బ్లాకు పక్కన ఉండే డ్రెయిన్ బోల్టు రెండూ తెరిచి నీళ్లను వెడల్పాటి టబ్బులోకి పట్టాము. బ్లాకు బోల్టు తీయకపోతే కూలర్ గదిలోని నీళ్లు మిగిలిపోయి, మూత ఊడదీయగానే ఆయిల్ రంధ్రాల్లోకి పోతాయి. సంపులోని ఆయిల్ కూడా మొత్తం దించేశాము. ఆ కూలెంట్‌ను మోరీలో పోయనివ్వలేదు. గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, వీధి కుక్కలు నాకుతాయి, కొద్ది మోతాదు కూడా వాటి ప్రాణం తీస్తుంది. అందుకని దాన్ని మూత ఉన్న డబ్బాల్లో పెట్టాము. వాడిన ఆయిల్ 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కింద అనుమతి ఉన్న రీసైక్లర్లకే చేరాలి కనుక, దానిని వేరే డ్రమ్ములో పోసి సేకరించేవారికి ఇచ్చాము.

కూలర్ ఇంజిన్‌కు కుడి వైపు, సిలిండర్లలోకి గాలిని ఒత్తి పంపే టర్బో కింద ఉంటుంది. ముందు చైను పానాతో ఫిల్టర్ విప్పాము. ఫిల్టర్ బిగించే భాగం నుంచి టర్బోకు ఆయిల్ తీసుకుపోయే సన్నని పైపును రెండు వైపులా విప్పి, దాని నోళ్లకు శుభ్రమైన గుడ్డ చుట్టాము. టర్బో షాఫ్టు నిమిషానికి లక్ష చుట్ల దాకా తిరిగే వస్తువు, అందులోకి ఇసుక రేణువు పోయినా బేరింగు మిగలదు. మూత చుట్టూ ఉన్న బోల్టులు అన్నీ ఒకే పొడవు కావు. ఒక అట్ట ముక్క మీద మూత ఆకారం గీసి, ఏ బోల్టు ఏ రంధ్రానిదో అక్కడే గుచ్చుకుంటూ వెళ్లాము. పొడవు బోల్టు పొట్టి రంధ్రంలో పడితే అడుగు తగిలి, బిగిసినట్టే అనిపిస్తుంది గానీ గ్యాస్కెట్ నొక్కుకోదు. బోల్టులన్నీ వచ్చాక కూడా మూత అతుక్కుపోయి ఉంది. సందులో స్క్రూడ్రైవర్ దూర్చి తిప్పడానికి ఒక కుర్రాడు సిద్ధమైతే ఆపాను. అలా చేస్తే గ్యాస్కెట్ కూర్చునే లోహపు ముఖం మీద గాటు పడుతుంది, ఆ గాటు ఏ కొత్త గ్యాస్కెట్‌తోనూ పూడదు. కొయ్య సుత్తితో అంచుల మీద నెమ్మదిగా తట్టగా తట్టగా అది కదిలింది.

లోపల రెండు గ్యాస్కెట్లు ఉంటాయి: బ్లాకుకూ రేకుల కూలరుకూ మధ్య ఒకటి, కూలరుకూ మూతకూ మధ్య మరొకటి. వెనుక దానిలో, ఆయిల్ లోపలికి పోయే రంధ్రం చుట్టూ ఒక చోట పదార్థం ఉబ్బి, మెత్తబడి, గోటితో గీకితే పొరలు పొరలుగా ఊడి వచ్చింది. అక్కడి నుంచి నీళ్ల గది వైపు నల్లని చార ఒకటి స్పష్టంగా పోయింది. మేస్త్రి దాన్ని వెలుగులోకి పట్టుకుని చాలాసేపు చూశాడు. "ఇదే" అన్న ఆ ఒక్క మాటతో ఆ గ్యారేజీలో హెడ్డు ప్రసక్తి మళ్లీ రాలేదు.

గ్యాస్కెట్ దొరికింది కదా అని అక్కడ ఆగకూడదు. రేకుల్లోనే చిల్లు ఉంటే కొత్త గ్యాస్కెట్ వేసినా కథ మళ్లీ మొదటికొస్తుంది. కూలరును పక్క వీధిలో ఉన్న రేడియేటర్ల షాపుకు పట్టుకుపోయి, ఒక ఆయిల్ రంధ్రాన్ని రబ్బరుతో మూయించి, రెండో దాని నుంచి గాలి నింపి నీళ్ల తొట్టిలో ముంచి చూపించమన్నాను. చిన్న బుడగ కూడా లేవలేదు. అయినా రేకుల మధ్య నీటి వైపు తెల్లని పెచ్చు పట్టి ఉంది కనుక రసాయనంతో కడిగించాను. దించిన పాత ఫిల్టర్‌ను రేకు కత్తెరతో కోయించి, కాగితపు మడతలను విప్పి ఎండలో పరచి చూశాను. రంపంతో కోస్తే ఇనుప పొడి పడి అసలు సంగతి తెలియకుండా పోతుంది. మడతల్లో రాగి రంగు మెరుపు గాని, వెండి రంగు పొట్టు గాని కనబడలేదు. బేరింగులు క్షేమంగా ఉన్నాయన్న ఆ ధైర్యం లేకపోతే, గ్యాస్కెట్ పని అయినా నాకు నిద్ర పట్టేది కాదు.

గ్యాస్కెట్ కోసం సికింద్రాబాద్ రాణిగంజ్ వెళ్లాను. బేరింగులు, సీళ్లు, ఇంజిన్ సామాన్లు అమ్మే దుకాణాలు అక్కడ బారులు తీరి ఉంటాయి. దుకాణదారు బల్ల మీద రెండు రకాలు పెట్టి, "ఒరిజినల్ ఇది, లోకల్ ఇది, ఆకారం ఒకటే సార్" అన్నాడు. పాత గ్యాస్కెట్‌ను వెంట తీసుకువెళ్లాను కాబట్టి మూడింటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి చూశాను. లోకల్ దానిలో ఆయిల్ రంధ్రం చుట్టూ మిగిలే వెడల్పు తక్కువగా ఉంది, అంచులు కోసిన చోట పీచు లేచి ఉంది. మా బండిలో లీకు పుట్టిన చోటు సరిగ్గా అదే. రెండింటి మధ్య ధర తేడా ఒక పూట భోజనం ఖర్చు కూడా లేదు. ఒరిజినల్ గ్యాస్కెట్లు రెండు, టర్బో పైపుకు వేసే వాషర్లు, ఫిల్టర్, కొత్త రేడియేటర్ మూత, పైన, కింద వేసే హోస్ పైపులు, క్లిప్పులు తీసుకున్నాను. హోస్ పైపులు ఎందుకని డ్రైవరు అడిగాడు. కూలెంట్ పైపుల్లో వాడే రబ్బరు నీటికి, వేడికి చక్కగా ఓర్చుకుంటుంది కాని నూనెకు ఓర్చుకోదు. కొన్నాళ్లు నూనెలో నానితే ఉబ్బి, లోపలి పొర మెత్తబడి, ఏదో ఒక రోజు లోడు మీద పగులుతుంది. మా పాత పై పైపును నొక్కి చూస్తే మెత్తగా, జారుడుగా తగిలింది.

ఈ పనిలో ఎక్కువ సమయం తీసుకున్నది ముఖాలు శుభ్రం చేయడమే, తీసుకోవాలి కూడా. పాత గ్యాస్కెట్ అవశేషాలను ఎమ్రీ పేపరుతో గాని, గ్రైండరుకు బిగించిన తీగల బ్రష్షుతో గాని నిమిషాల్లో ఊడగొట్టవచ్చు, గ్యారేజీలో అందరూ చేసేది అదే. నేను వద్దన్నాను. ఎమ్రీ కాగితం నుంచి రాలే గరుకు పొడి కంటికి కనిపించనంత సన్నగా ఉండి, తెరిచి ఉన్న ఆయిల్ రంధ్రాల్లోకి పోయి, ఇంజిన్ మొదటిసారి తిరగగానే నేరుగా బేరింగుల దగ్గరికి చేరుతుంది. ముందుగా ఆయిల్ రంధ్రాల్లో గుడ్డ ముక్కలు కుక్కి, ఎన్ని పెట్టామో గోడ మీద సుద్దతో రాసి, ప్లాస్టిక్ పట్టీతో, థిన్నర్‌లో ముంచిన గుడ్డతో, ఓపికగా పొర మీద పొర తీశాము. ఆ తరువాత తిన్నని స్టీలు స్కేలు అడ్డంగా పెట్టి, కింద సన్నని సందులు కొలిచే ఫీలర్ గేజీ రేకు దూరుతుందేమో చూశాము. మూత ఎక్కడా వంగలేదు. బోల్టు రంధ్రాల్లో నిలిచిన నీటిని, ఆయిల్‌ను గాలితో ఊదించాము; రంధ్రం అడుగున ద్రవం ఉంటే బోల్టు దాన్ని నొక్కి ఆగిపోతుంది, బిగువు కొలిచే పానా అయిన టార్క్ రెంచ్ మాత్రం బిగిసిందనే చెబుతుంది. గుడ్డ ముక్కలు తీసి, సుద్ద లెక్కతో సరిచూసుకున్న తరువాతే బిగింపుకు దిగాము.

గ్యాస్కెట్‌కు రెండు వైపులా షెల్లాక్ అనే జిగురు పూయడం మేస్త్రికి చిన్నప్పటి నుంచీ అలవాటు. ఆయిల్ దారులున్న చోట దాన్ని పూస్తే, నొక్కినప్పుడు లోపలికి పొంగిన భాగం ఎండి, ఊడి, ఆయిల్‌తో పాటు ప్రయాణించి సన్నని రంధ్రాలను మూసేయగలదు. ఇంజిన్ పుస్తకంలో ఈ గ్యాస్కెట్‌ను పొడిగానే వేయమని ఉంది. ఆ పేజీ ఆయనకు చూపించి, పొడిగానే వేయించాను. తల లేని రెండు పొడవాటి బోల్టులను ఎదురెదురు రంధ్రాల్లో తాత్కాలికంగా బిగించి, గ్యాస్కెట్, కూలర్, రెండో గ్యాస్కెట్, మూత అన్నీ వాటి మీదుగా జరిపితే ఏదీ పక్కకు జారలేదు. బోల్టులన్నీ చేత్తో తిరిగినంత తిప్పి, నడుమ నుంచి అంచుల వైపు పోతూ, ముందు సగం బిగువుకు, తరువాత పుస్తకం చెప్పిన 24 న్యూటన్ మీటర్లకు బిగించాము. అది పెద్ద బలం కాదు. పొడవాటి పానా పట్టుకుని ఒళ్లంతా వేసి బిగించే అలవాటున్న చేతులకు అది చాలదనిపిస్తుంది. ఎనిమిది మిల్లీమీటర్ల బోల్టుకు అంతకు మించితే మర చెడుతుంది, గ్యాస్కెట్ బోల్టుల దగ్గర నలిగి, మధ్యలో పైకి లేస్తుంది. గ్యారేజీలో టార్క్ రెంచ్ ఉన్నా దుమ్ము పట్టి మూలన ఉంది. దాన్ని తుడిచి నేనే వాడాను.

కొత్త ఫిల్టర్‌ను ఆయిల్‌తో నింపి బిగించి, సంపులో ఆయిల్ పోసి, టర్బో పైపును చివరగా కలిపాము. ఇంజిన్‌ను వెంటనే స్టార్ట్ చేయలేదు. స్టాప్ తీగ లాగి పట్టి, డీజిల్ అందకుండా సెల్ఫ్ కొద్ది కొద్దిగా తిప్పుతూ, మధ్య మధ్యలో స్టార్టరును చల్లారనిస్తూ, ఆయిల్ ప్రెషర్ ముల్లు లేచేదాకా ఆగాము. అప్పుడు గాని టర్బోకు, బేరింగులకు ఆయిల్ అందినట్టు కాదు.

ఇక మిగిలింది నీటి దారుల్లోని నూనె. గ్యాస్కెట్ మార్చి, కొత్త కూలెంట్ పోసి బండిని పంపేసే చోట్లలో అది పట్టుమని వారం తిరగకుండానే మళ్లీ తెట్టు కట్టి, యజమానికి కొత్త అనుమానాలు తెస్తుంది. రేడియేటర్ గొట్టాల లోపల నూనె పొర ఉంటే అది వేడిని బయటికి పోనివ్వదు కూడా. నురగ రాని డిటర్జెంట్‌ను గోరువెచ్చని నీళ్లలో కలిపి పోసి, ఇంజిన్‌ను థర్మోస్టాట్ తెరుచుకునేదాకా, అంటే 80 డిగ్రీలు దాటేదాకా నడిపాము. థర్మోస్టాట్ తెరుచుకోకపోతే రేడియేటర్‌లోకి ఆ నీళ్లు పోనే పోవు. చల్లార్చి, దించి, మళ్లీ పోసి, దించిన నీళ్లను గాజు సీసాలో పట్టి పక్కన పెట్టి, పైన నూనె వలయం తేలడం మానేదాకా ఇదే చేశాము. బట్టల సబ్బు పొడి వేద్దామన్న సలహా వచ్చింది గాని, దాని నురగ పంపులో చేరితే నీళ్లు తిరగవు. చివరి రెండు విడతలు డిటర్జెంట్ లేకుండా మంచి నీళ్లతోనే కడిగాము. ప్లాస్టిక్ ట్యాంకును విడిగా తీసి కడిగాము, కొత్త హోస్ పైపులు, మూత ఈ కడుగుడు అయ్యాకే వేశాము.

కూలెంట్‌లో కలిపే నీళ్ల విషయంలో నేను పట్టువిడుపులు లేకుండా ఉంటాను. హైదరాబాద్ చుట్టూ నేల గ్రానైట్ రాయి. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు మెండు. కెటిల్ అడుగున పట్టే తెల్లని పెచ్చు ఇంజిన్‌లో సిలిండర్ గోడల చుట్టూ, కూలర్ రేకుల మధ్య కూడా పడుతుంది. మా కూలరులో కడిగించింది అదే. గ్యారేజీలో గొట్టం పెట్టి పట్టే నీళ్లు దాదాపు అన్నిచోట్లా బోరువే. కృష్ణా, గోదావరి, మంజీర నుంచి నగరానికి వచ్చే నల్లా నీళ్లు కొంత నయమే గానీ, వాటిలోనూ లవణాలు, క్లోరిన్ ఉంటాయి. అందుకని బ్యాటరీలకు వాడే డీమినరలైజ్డ్ నీళ్లు క్యానుల్లో తెప్పించి, డీజిల్ ఇంజిన్లకు తగిన కూలెంట్‌తో సగం సగం కలిపి పోశాము. మొత్తం 20 లీటర్లకు పైగా పట్టింది. గాలి నిలవకుండా పై గాలి బోల్టును వదులుగా ఉంచి, అక్కడి నుంచి బుడగలు లేకుండా నీరు కారేదాకా నెమ్మదిగా పోశాము. ఆ కూలెంట్‌లో గడ్డకట్టకుండా ఆపే గుణం మనకు అక్కరలేకపోవచ్చు, తుప్పును ఆపే గుణం మాత్రం తప్పక కావాలి. పంపు రెక్కలను, కూలర్ రేకులను, ఈ గ్యాస్కెట్ కూర్చునే ముఖాలను కాపాడేది అదే.

ముందు నిలబెట్టి నడిపాము, తరువాత ఖాళీ బండిని పెద్ద అంబర్‌పేట దాకా తోలి తెచ్చాము, ఆపైన మేళ్లచెరువు లోడుకు పంపాము. నేనూ డ్రైవరు పక్కన కూర్చున్నాను. చౌటుప్పల్ దగ్గర, మధ్యాహ్నపు ఎండలో, పూర్తి లోడు మీద ఉష్ణోగ్రత ముల్లు నడుమ నుంచి కదలలేదు. ఆటోనగర్ చేరాక రాత్రంతా చల్లారనిచ్చి పొద్దున్నే మూత తీస్తే నీళ్లు ఆకుపచ్చగా, అడుగు కనిపించేంత తేటగా ఉన్నాయి. డిప్‌స్టిక్ పై గీత దగ్గరే ఉంది. సంపు బోల్టు వదులు చేస్తే ఆయిల్ తప్ప ఏమీ జారలేదు. చల్లని ఇంజిన్ మీద కూలర్ బోల్టులను టార్క్ రెంచ్‌తో మరోసారి 24 దగ్గర సరిచూశాము, ఒక్కటీ తిరగలేదు.

ఆ లోడు దించిన వెంటనే, కొత్తగా పోసినదే అయినా, ఆయిల్‌ను, ఫిల్టర్‌ను మళ్లీ మార్పించాను. సంపు మూలల్లో, సన్నని దారుల్లో పాత ఆయిల్‌తో పాటు మిగిలిపోయిన గ్లైకాల్ ఏదైనా ఉంటే ఒక ఖాళీ చేయడంతో పోదు. ఈ రెండో ఫిల్టర్‌ను కూడా కత్తిరించి చూశాము, మడతలు శుభ్రంగా ఉన్నాయి. నీళ్లు సీసాలో పట్టి చూడడం, ఆయిల్ మట్టాన్ని కిలోమీటర్లతో పాటు లాగ్ పుస్తకంలో రాయడం ఇప్పుడు ప్రతి లోడుకు ముందు మా డ్రైవరే చేస్తున్నాడు. కూలర్ గ్యాస్కెట్ మార్చిన తేదీ, కిలోమీటర్లు, బోల్టుల బిగువు, వాడిన కూలెంట్ రకం అదే పుస్తకం మొదటి పేజీలో రాసి ఉన్నాయి. పాత గ్యాస్కెట్‌ను మేస్త్రి తన దగ్గరే ఉంచుకుంటానన్నాడు. రేడియేటర్‌లో నూనెతో వచ్చే బండ్ల వాళ్లకు చూపించి, ముందు కూలర్ విప్పి చూద్దామని చెబుతానన్నాడు.